అడుగులు వేసే మోటారు: యుద్ధనౌకనుంచి బడి బల్లదాకా

చక్రాన్ని తిప్పడం పెద్ద విశేషం కాదు. తిరిగే చక్రాన్ని మనం కోరిన చోట నిలపడమే విశేషం. నూతిమీది గిలకను ఎవరైనా తిప్పగలరు; కాని చేద సరిగా నీటికి జానెడు పైన ఆగవలెనంటే కంటికి చూపు, చేతికి అలవాటు రెండూ కావలెను. మామూలు విద్యుత్ మోటారుకు ఈ రెండూ లేవు. మీట నొక్కగానే పంకా తిరుగుతుంది. మీట తీసిన పిమ్మట కొంతసేపు తిరిగి ఎక్కడో ఆగుతుంది. ఏ రెక్క ఎటువైపు ఆగినదో మనకు అక్కరలేదు. కాని కాగితంమీద అచ్చు వేసే యంత్రంలోను, లోహాన్ని చెక్కే యంత్రంలోను, నక్షత్రాన్ని వెంబడించే దూరదర్శినిలోను "ఎక్కడ ఆగినది?" అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టినది స్టెప్పర్ మోటారు. దీనిని మనం అడుగుల మోటారు అనవచ్చును. ఇది గిర్రున తిరగదు. లెక్క ప్రకారం అడుగు వెంట అడుగు వేస్తుంది. దానిచేత అడుగులు వేయించే చిన్న పలకను డ్రైవరు బోర్డు అంటారు. ఈనాడు చిన్న మోటారు, దాని పలక కలిపి ఒకటి రెండు వందల రూపాయలకు దొరుకుతున్నవి. నూరేళ్ళ క్రిందట ఇదే పని యుద్ధనౌకలవంటి చోట్ల మాత్రమే జరిగేది.

ఇంత చవుక ఎట్లా సాధ్యమైనది? ఎవరో ఒక మహామేధావి ఒకనాడు కనిపెట్టినందువల్ల కాదు. ప్రతి తరంలోను కొందరు, ఖరీదైన వస్తువు చేస్తున్న పనిని చవుకైన వస్తువుకు అప్పగించినారు. మరికొందరు ఆ పనిని ఒట్టి ఆలోచనకే అప్పగించినారు. ఈ చిన్న పలక చరిత్ర అంతా అదే.

అడుగు అంటే ఏమిటి?

ఒక వలయంలో నాలుగు తీగచుట్టలు ఉన్నవనుకొందాము. మధ్యలో పళ్ళున్న ఒక ఇనుప చక్రం ఇరుసుమీద తిరుగుతుంది. మొదటి చుట్టలోనికి విద్యుత్ప్రవాహాన్ని పంపితే అది అయస్కాంతమై, దగ్గరలో ఉన్న పంటిని తనకు ఎదురుగా లాగుకొంటుంది. చక్రం అక్కడే నిలుస్తుంది. ఇప్పుడు మొదటి చుట్టలో ప్రవాహాన్ని ఆపి రెండవ దానికి ఇస్తే చక్రం కొద్దిగా కదలి దానికి ఎదురుగా నిలుస్తుంది. అది ఒక అడుగు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అనే క్రమంలో ఇస్తూపోతే ముందుకు, ఆ క్రమాన్ని తలక్రిందులు చేస్తే వెనుకకు నడుస్తుంది. ప్రవాహాన్ని ఒక చుట్టలోనే ఉంచితే కదలక అక్కడే పట్టుకొని ఉంటుంది.

ఇందులో రెండు సంగతులు గమనించవలెను. మొదటిది: ఈ మోటారు తనంత తాను తిరగదు. ప్రవాహాన్ని ఒక చుట్టనుంచి మరొక చుట్టకు మార్చేవారు ఎవరో ఒకరు ఉండవలెను. రెండవది: దీనికి కండ్లు లేవు. ఇది చీకటిలో అడుగులు లెక్కపెట్టుకొంటూ పెరటి నూతివద్దకు పోయే మనిషివంటిది. లెక్క తప్పనంతవరకు దీపం అవసరం లేదు; ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది. కాని కాలు ఒక్కసారి జారితే లెక్క తప్పుతుంది, తప్పినదని కూడ ఆ మనిషికి తెలియదు. ఈ మోటారు చవుకదనమూ, దీని ప్రమాదమూ ఒక్కచోటనే పుట్టినవి.

నావికుని చెయ్యి

1919లో స్కాట్లండులోని అబర్డీనుకు చెందిన సి. ఎల్. వాకర్ అనే ఇంజనీరు బ్రిటిషు పేటెంటు పొందినాడు. తిరిగే భాగానికి, తిరగని భాగానికి రెండింటికీ సన్నని పళ్ళు పెడితే ఒక్కొక్క అడుగు చిన్నదౌతుందన్నది ఆయన ఆలోచన. 1920-30 మధ్య బ్రిటిషు యుద్ధనౌకలలో ఫిరంగుల దిక్కును, టార్పెడో గొట్టాల దిక్కును దూరంనుంచి సూచించడానికి అడుగుల మోటార్లను వాడినారు. బ్రిటిషు విద్యుత్ ఇంజనీర్ల సంఘపు పత్రికలో 1927లో వచ్చిన ఒక వ్యాసంలో దీని వర్ణన ఉన్నది.

ఒకచోట నావికుడు పిడిని త్రిప్పుతాడు. పిడికి అమర్చిన స్విచ్చి ఒక్క చుట్టుకు ఆరుసార్లు ప్రవాహాన్ని మారుస్తుంది. తీగల ఆవలి చివర మోటారు మారినప్పుడల్లా 15 డిగ్రీల చొప్పున ఆరు అడుగులు వేసి 90 డిగ్రీలు తిరుగుతుంది. 15 డిగ్రీలంటే ఫిరంగికి చాలా పెద్ద అడుగు. అందువల్ల పళ్ళచక్రాలతో దానిని తగ్గించి సూక్ష్మమైన కదలికగా మార్చేవారు.

అంటే మన చరిత్రలో మొదటి డ్రైవరు పలక ఒక స్విచ్చి, దానిని త్రిప్పే మనిషి చెయ్యి. తీగచుట్టలో పారుతున్న ప్రవాహాన్ని హఠాత్తుగా తెంచితే నిప్పురవ్వలు రేగుతాయి. లోహపు మొనలు కాలి అరిగిపోతాయి. నౌకాదళం వాటిని మార్చుకొంటూ పోగలదు. సామాన్యుడు పోలేడు.

యాభై పళ్ళు, రెండు వందల అడుగులు

1952లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన కార్ల్ ఫైర్‌టాగ్, జేమ్స్ డోనహో అనే ఇద్దరు ఒక కొత్త మోటారుకు పేటెంటు పొందినారు. పళ్ళున్న ఇనుప చక్రాలనూ శాశ్వత అయస్కాంతాన్నీ అందులో కలిపినారు. నిజానికి వారు కోరినది అడుగులు వేసే మోటారు కాదు, నెమ్మదిగా నిలకడగా తిరిగే మోటారు. తిరిగే భాగానికి 50 పళ్ళు ఉంటే, సెకండుకు 60 ఆవృత్తుల ప్రవాహంతో అది నిమిషానికి 72 చుట్లు మాత్రమే తిరుగుతుంది. లెక్క సులభం: 60ని 50తో భాగించి 60తో గుణిస్తే 72.

అయితే అదే మోటారుకు ఏకముఖ ప్రవాహాన్ని మార్చి మార్చి ఇస్తే ఒక్కొక్క పంటి దూరాన్ని నాలుగు అడుగులలో దాటుతుంది. 50 పళ్ళకు 200 అడుగులు. ఒక్కొక్క అడుగు 1.8 డిగ్రీలు. ఈనాడు త్రిమితీయ ముద్రణ యంత్రాలలో సామాన్యంగా కనబడే మోటారు ఈ 200 అడుగుల మోటారే.

స్విచ్చి బాధ తీరడానికి ట్రాన్సిస్టరు రావలసి వచ్చినది. బెల్ ప్రయోగశాలలకు చెందిన సిడ్నీ డార్లింగ్టన్ రెండు ట్రాన్సిస్టర్లను జోడించే పద్ధతికి 1953లో పేటెంటు పొందినాడు. మొదటిది పెంచిన ప్రవాహాన్ని రెండవది మళ్ళీ పెంచుతుంది. ఒక్కొక్కటి 50 రెట్లు పెంచితే జోడి 2,500 రెట్లు పెంచుతుంది. అతి స్వల్పమైన సంకేతంతో మోటారు చుట్టను నడపడానికి ఇది తగిన ఉపాయం. కొంతకాలానికి ఇటువంటి జంటలను ఏడింటిని ఒకే చిప్పులో అమర్చినారు. యు.ఎల్.ఎన్. 2003 అనేది అటువంటిదే. ఇందులో ఒక్కొక్క దారి అర ఆంపియరు ప్రవాహాన్ని, 50 వోల్టులను తట్టుకొంటుంది. తీగచుట్ట తెగినప్పుడు ఎదురుతన్నే విద్యుత్తుకు దారి ఇచ్చే డయోడులు కూడ అందులోనే ఉన్నవి. యుద్ధనౌకలోని నిప్పురవ్వలు ఇక్కడ చల్లారినవి.

ఈ చిప్పు పేరు గుర్తుంచుకోవలెను; కథ చివర మళ్ళీ వస్తుంది.

పలకనుంచి ఆలోచనకు

1976లో షుగార్ట్ సంస్థ 5¼ అంగుళాల ఫ్లాపీ డిస్కు యంత్రాన్ని విడుదల చేసినది. పళ్ళెంమీద 35 వలయాలలో సమాచారం ఉంటుంది. చదివే తలను ఒక వలయంనుంచి మరొక వలయానికి జరిపేది అడుగుల మోటారు. యంత్రంతోపాటు దానిని నడిపే ఎలక్ట్రానిక్ పలక కూడ వచ్చేది; ఖర్చులో గణనీయమైన భాగం ఆ పలకదే.

1977 చివర, ఆపిల్ సంస్థలో స్టీవ్ వోజ్నియాక్ ఆ యంత్రాన్ని ముందుంచుకొని ఒక్కొక్క భాగాన్ని "ఇది నిజంగా అవసరమా?" అని ప్రశ్నించినాడు. మోటారు చుట్టలకు ప్రవాహాన్ని వరుసగా మార్చడానికి ప్రత్యేక సర్క్యూటు ఎందుకు? కంప్యూటరు అక్కడనే ఉన్నది కదా! నాలుగు చుట్టలకు నాలుగు మీటలు కంప్యూటరు చేతికే ఇచ్చినాడు. ఏ మీట ఎప్పుడు వేయవలెనో, ఎప్పుడు తీయవలెనో ప్రోగ్రాము చెబుతుంది. రెండు అడుగులు వేస్తే ఒక వలయం దాటినట్లు.

మరొక ప్రశ్న మిగిలినది. మోటారుకు కండ్లు లేవు గదా; యంత్రాన్ని ప్రారంభించినప్పుడు తల ఏ వలయంమీద ఉన్నదో ఎట్లా తెలుస్తుంది? తల మొదటి వలయానికి చేరినదని చెప్పే మీట ఒకటి ఇతర యంత్రాలలో ఉండేది. వోజ్నియాక్ దానినీ తీసివేసినాడు. ప్రారంభంలో ప్రోగ్రాము మోటారును ఉన్న వలయాలన్నింటికంటె ఎక్కువ అడుగులు వెనుకకు వేయమంటుంది. తల ఎక్కడ ఉన్నా చివరి అడ్డును తాకి అక్కడే కొట్టుకొంటుంది. ఇక అది మొదటి వలయమే కావలెను! ఆపిల్ డిస్కు యంత్రం ప్రారంభంలో చేసే కటకట శబ్దానికి కారణం ఇదే. చీకటిలో నడిచే మనిషి ముందు గోడవద్దకు పోయి, గోడను తాకి, అక్కడినుంచి లెక్క మొదలుపెట్టినట్లున్నది ఈ ఉపాయం.

1978లో ఈ యంత్రం మార్కెటుకు వచ్చినది. కంప్యూటరులో పెట్టే దాని నియంత్రణ పలకలో ఎనిమిది చిప్పులు మాత్రమే ఉన్నవి. యంత్రం లోపలి చిన్న పలకలో, మోటారు చుట్టలకు ప్రవాహం ఇచ్చినది మనం చెప్పుకొన్న యు.ఎల్.ఎన్. 2003 చిప్పే. లోహం చేసే పనిని చిప్పు, చిప్పు చేసే పనిని ఆలోచన తీసుకొనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

పాలు పొంగకుండ కాచడం

పెద్ద మోటార్లకు మరొక చిక్కు ఉన్నది. తీగచుట్టలో ప్రవాహం వెంటనే పెరగదు. దానికి ఒక విధమైన బద్ధకం ఉన్నది. వేగంగా అడుగులు వేయవలెనంటే ప్రవాహం త్వరగా పెరగవలెను. అందుకు వోల్టేజి ఎక్కువ కావలెను. వోల్టేజి ఎక్కువైతే ప్రవాహం మితిమీరి చుట్ట కాలిపోతుంది. మధ్యలో నిరోధం పెట్టి ప్రవాహాన్ని అడ్డగించడం పాత పద్ధతి. దానివల్ల శక్తిలో ఎక్కువ భాగం వేడిగా వృథా అయ్యేది.

పాలు కాచేవారు ఏమి చేస్తారు? మంట పెద్దది పెడతారు. పొంగు రాగానే తగ్గిస్తారు. దిగగానే మళ్ళీ పెంచుతారు. డ్రైవరు కూడ అట్లే చేయగలదు. ఎక్కువ వోల్టేజి ఇచ్చి, ప్రవాహాన్ని ఒక చిన్న నిరోధం ద్వారా కొలుస్తూ, హద్దు చేరగానే తెంచి, తగ్గగానే మళ్ళీ కలపడం - ఇది సెకండుకు వేలసార్లు జరుగుతుంది. అందుకే ఒకటి రెండు వోల్టులు చాలిన చుట్టను 12 లేక 24 వోల్టులతో నిర్భయంగా నడుపుతున్నారు.

ఈ పనికి ఇటలీకి చెందిన ఎస్.జి.ఎస్. సంస్థ చేసిన ఎల్ 297, ఎల్ 298 అనే జంట చిప్పులు ప్రసిద్ధికెక్కినవి. మొదటిది మెదడు: అడుగుల క్రమాన్ని, ప్రవాహపు హద్దును చూస్తుంది. రెండవది కండ: 46 వోల్టులవరకు, ఒక్కొక్క చుట్టకు 2 ఆంపియర్లవరకు మోస్తుంది. పాత ప్రింటర్లనుంచి, ఫ్లాపీ యంత్రాలనుంచి మోటార్లు విప్పుకొని, ఈ జంటతో పలకలు చేసుకొని, ఇంట్లో చిన్న చెక్కుడు యంత్రాలు కట్టుకొన్న అభిరుచిగలవారు అనేక దేశాలలో ఉన్నారు. కంప్యూటరుకు ప్రింటరును తగిలించే ద్వారంనుంచి వారు రెండే తీగలు తెచ్చేవారు: "అడుగు వేయుము" అనేది ఒకటి, "ఇటువైపు" అనేది మరొకటి. ఈ రెండు తీగల ఒప్పందం నేటికీ చెల్లుతున్నది.

మెదడు, కండ వేరువేరు చిప్పులుగా ఎందుకు ఉండవలెను? లెక్కచేసే సూక్ష్మమైన ట్రాన్సిస్టర్లను, బరువు మోసే ట్రాన్సిస్టర్లను ఒకే సిలికాను ముక్కమీద చేయడం కష్టం గనుక. 1980-90 మధ్య అదే ఎస్.జి.ఎస్. సంస్థలో బ్రూనో మురారి బృందం మూడు రకాల ట్రాన్సిస్టర్లను ఒకే చిప్పులో చేసే పద్ధతిని సాధించినది. ఇటువంటి పద్ధతులు వ్యాపించినందువల్లనే మెదడు, కండ కలిసిన వేలిగోరంత డ్రైవరు చిప్పు సాధ్యమైనది.

తన్ను తాను చేసుకొనే యంత్రం

2005లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ అనే అధ్యాపకుడు రెప్‌రాప్ అనే ప్రయత్నం ప్రారంభించినాడు. కరిగిన ప్లాస్టిక్కును పొరలు పొరలుగా పేర్చి వస్తువులు చేసే యంత్రం. అది తన భాగాలను కూడ తానే చేసుకోగలగాలి. దాని నక్షలు అందరికీ ఉచితం. 2008 మే నెలలో అటువంటి యంత్రం చేసిన భాగాలతో రెండవ యంత్రం తయారైనది. పొరలు పేర్చే పద్ధతికి స్కాట్ క్రంప్ 1989లో దరఖాస్తు పెట్టి 1992లో పొందిన పేటెంటు 2009లో ముగిసినది. ఆ పిమ్మట ఈ యంత్రాలు అమ్మేవారు వేగంగా పెరిగినారు.

ఈ యంత్రం తన పళ్ళచక్రాలను, మూలముక్కలను చేసుకోగలదు. కాని తన డ్రైవరు పలకలను చేసుకోలేదు. ఒక్కొక్క యంత్రానికి అటువంటివి నాలుగైదు కావలెను. అవి చవుక కాకపోతే ఉచితమైన నక్షలవల్ల ప్రయోజనమేమి?

ఆ సమయానికి అలెగ్రో అనే అమెరికన్ సంస్థ ఏ 4983, ఏ 4988 అనే చిప్పులను చేస్తున్నది. ఏ 4988 చిప్పుకు 35 వోల్టులవరకు ఇవ్వవచ్చును. రెండు చుట్టలకు ప్రవాహాన్ని తగిన పాళ్ళలో పంచి, చక్రాన్ని రెండు అడుగుల మధ్య కూడ నిలపగలదు. ఒక అడుగును 16 భాగాలు చేస్తుంది. అంటే 200 అడుగుల చుట్టు 3,200 చిన్న అడుగులౌతుంది. అయితే ఆ చిప్పు కాళ్ళు దాని పొట్టక్రిందనే ఉంటాయి. ఇంట్లో అతకడం కష్టం. లాస్ వేగస్ నగరంలోని పోలోలు సంస్థ దానిని 15 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల పొడవు గల పలకమీద అతికి, 16 కాళ్ళు అమర్చి అమ్మినది. రెప్‌రాప్ వారు ఆ పలకలు గుచ్చుకొనే పెద్ద పలక ఒకటి చేసినారు. కాలిపోతే ఒక్కటే పీకి మరొకటి గుచ్చవచ్చును. కొద్దికాలానికే అదే కొలతలతో స్టెప్‌స్టిక్ అనే ఉచిత నక్ష వెలువడినది. దానిని చూచి చైనాలోని కర్మాగారాలు లక్షలుగా నకళ్ళు చేసినవి, ధర పడిపోయినది.

జర్మనీలోని హాంబర్గుకు చెందిన ట్రినామిక్ సంస్థ ఆ తరువాత అడుగును 256 భాగాలు చేసి చప్పుడు లేకుండ నడిపే చిప్పులను తెచ్చినది. అవి కూడ అదే 16 కాళ్ళ కొలతలో వచ్చినవి. ఎవరూ శాసించకుండగనే ఒక చిన్న పలక కొలత ప్రమాణమైపోయినది.

నకలు నేర్పే పాఠం

నకలు కావడంవల్లనే ఈ పలక మనదాకా వచ్చినది. కాని చూపులకు ఒకే రకంగా ఉన్నవన్నీ ఒకటి కావు. ప్రవాహపు హద్దును నిర్ణయించడానికి ఏ 4988 పలకమీద ఒక చిన్న మర ఉన్నది. అక్కడ వోల్టేజిని కొలిచి, కొలిచే నిరోధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే హద్దు ఆంపియర్లలో వస్తుంది. పోలోలు వారి తొలి పలకలలో ఆ నిరోధం 0.05 ఓములు; 2017నుంచి 0.068 ఓములు, అనేక నకళ్ళలో 0.1 ఓము. మర దగ్గర 0.4 వోల్టులు ఉన్నవనుకొందాము. మొదటి పలకలో హద్దు 1 ఆంపియరు. నకలులో అర ఆంపియరే. ఒక పలకకు వ్రాసిన లెక్కను మరొక పలకకు పెట్టినవాడు, మోటారు బలహీనమైనదని నిందిస్తాడు. లేదా చిప్పును మాడ్చుకొంటాడు. కనుక పలకమీద ఆ నిరోధంపై ముద్రించిన అంకె చూచిన పిమ్మటనే మర త్రిప్పవలెను. విద్యుత్తు ఉండగా మోటారు తీగలను ఎన్నడూ ఊడదీయరాదు. చుట్ట ఎదురుతన్నితే చిప్పు చచ్చిపోతుంది.

బడి బల్లమీద

ఇంత ప్రయాణం చేసి వచ్చిన పలకలలో అన్నిటికంటె చవుకైనది ఏది? యు.ఎల్.ఎన్. 2003 చిప్పు, నాలుగు చిన్న దీపాలు, కొన్ని మొనలు ఉన్న చిన్న పలక. డిస్కు యంత్రంలో తలను జరిపిన చిప్పే అది. దానితో వచ్చే 28 బి.వై.జె.-48 అనే మోటారు గాలిని చల్లబరచే యంత్రాల రెక్కలను ఆడించడానికి పుట్టినది. దాని చుట్ట నిరోధం సుమారు 50 ఓములు. 5 వోల్టులకు పదోవంతు ఆంపియరు ప్రవాహం కావలెను. ఆర్డువీనో వంటి చిన్న కంప్యూటరు పలక ఒక కాలినుంచి 0.04 ఆంపియరుకు మించి ఇవ్వరాదు. మధ్యలో డ్రైవరు ఎందుకో విద్యార్థులు ఈ రెండు అంకెలతోనే గ్రహిస్తారు.

2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్న పాఠశాలలలోను, లేని పాఠశాలలలోను కూడ ఉపాధ్యాయులు చేయించదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. మోటారు ఇరుసుకు పుల్ల అతికి, క్రింద కాగితంపై గీత గీయవలెను. ముందు సెకండుకు ఒక అడుగు చొప్పున నడిపితే నాలుగు దీపాలు వరుసగా వెలిగి ఆరడం కనబడుతుంది. నావికుడు త్రిప్పిన స్విచ్చి ఇదేనని పిల్లలకు చెప్పవచ్చును. పిమ్మట వేగం పెంచి, చుట్టుకు 2,048 అడుగుల చొప్పున పది చుట్లు వేయించవలెను. లోపలి మోటారుకు చుట్టుకు 32 అడుగులు, పళ్ళచక్రాలు 64 రెట్లు తగ్గిస్తాయి గనుక ఈ లెక్క. అయినా చాలా మోటార్లలో పుల్ల గీతవద్ద ఆగదు. సుమారు 18 డిగ్రీలు దాటిపోతుంది!

మోటారు జారినదా? లేదు. ఆ మోటార్లలో పళ్ళచక్రాల నిష్పత్తి సరిగా 64 కాదు, 63.68. అసలు చుట్టు సుమారు 2,038 అడుగులే. చుట్టుకు పది అడుగుల తప్పు పది చుట్లకు నూరు అడుగులైనది. పుల్ల సరిగా గీతమీదనే ఆగితే, ఆ మోటారు నిష్పత్తి 64 అన్నమాట. ఏ సంగతీ పెట్టెమీద వ్రాసి ఉండదు; కొలిచినవారికే తెలుస్తుంది.

ఈనాటి ఖరీదైన పలకలు చప్పుడు లేకుండ, తప్పు లేకుండ, అన్నీ తామే చూచుకొంటాయి. పని జరగడానికి అవి మంచివే. కాని నేర్చుకొనేవానికి, నాలుగు దీపాలు వెలిగించి తన అడుగులు తానే చూపించే ఈ పేద పలకే మంచి గురువు. నూరేళ్ళుగా ఈ పలక చవుక అయినది, ప్రతి తరంలో ఎవరో ఒకరు దానిని విప్పి చూచి "ఇది నిజంగా అవసరమా?" అని అడిగినందువల్ల. పలక మన చేతికి వచ్చినది. ఆ ప్రశ్న కూడ మన పిల్లల నోటికి రావలెను.